మూడో తరగతికి 'ఇళ్లు కట్టే సామాను' పాఠం: పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయాను, సలహా ఇవ్వండి

పలకాబలపం · శుక్రవారం సాయంత్రం

అందరికీ నమస్కారం. మూడో తరగతికి పాఠాలు చెప్తాను. ఎనిమిదేళ్ల పిల్లలు, 34 మంది. ఈ నెలంతా కట్టడాల గురించే. మొదటి వారం హాయిగా గడిచింది. బడి చుట్టూ తిరిగాం. గోడల్ని తట్టి, ఏది చల్లగా ఉంది, ఏది వేడిగా ఉంది, ఏది బోలుగా మోగుతోంది అని రాసుకున్నాం. పునాది, దూలం, కప్పు, ద్వారబంధం... ఈ మాటలన్నీ ఇప్పుడు పిల్లల నోళ్లలో ఆడుతున్నాయి.

రెండో వారం తడబడ్డాను. పర్యావరణానికి మేలు చేసే సామాను అనే భాగం అది. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీశాను. ఒక పక్క ఆకుపచ్చ సుద్దతో మట్టి, కర్ర, వెదురు, గడ్డి, రాయి. ఇంకో పక్క ఎర్ర సుద్దతో సిమెంటు, ఉక్కు, గాజు, ప్లాస్టిక్. పైన 'ప్రకృతి ఇచ్చినవి', 'మనిషి చేసినవి' అని రాశాను. చివరి బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు. "టీచర్, మా ఇల్లు ఎర్రవైపు ఉంది. అంటే మాది చెడ్డ ఇల్లా?" నేను తేరుకునే లోపే ముందు బెంచీ అమ్మాయి, "ఇనుము కూడా నేలలోంచే తవ్వుతారు కదా టీచర్, మరి అది ప్రకృతి ఇచ్చింది కాదా?" అంది.

రెండిటికీ నా దగ్గర జవాబు లేదు. బోర్డు తుడిచేసి, సోమవారం మాట్లాడుకుందాం అన్నాను. ఆ అబ్బాయి మొహం మాత్రం కళ్ల ముందు నుంచి కదలట్లేదు. సోమవారానికి ఏం సిద్ధం చేసుకుని వెళ్లాలో చెప్పండి.

పాతబెంచీ · శుక్రవారం రాత్రి

టీచరమ్మా, ముప్పై ఏళ్లు బడిలోనే గడిపి రిటైరైనవాణ్ణి. గీత తుడిచేసి మంచి పని చేశారు. మళ్లీ గీయకండి.

సామానులో మంచీ చెడూ లేవు. ఎక్కడ వాడాం, ఎంత వాడాం, ఎన్నాళ్లు నిలబెట్టుకున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. దీన్ని సూత్రంలా చెబితే ఆ వయసు పిల్లలకు ఎక్కదు. ప్రశ్నల్లా ఇస్తే ఎక్కుతుంది. నేను ఏ వస్తువు చేతికిచ్చినా మూడే అడిగించేవాణ్ణి. నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చావు? ఇక్కడ ఏం పని చేస్తున్నావు? పని అయిపోయాక ఎక్కడికి పోతావు? ఇటుకనూ మేకునూ చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తారు పిల్లలు. మొదటి రెండిటికీ గబగబా చెప్పేస్తారు. మూడోదాని దగ్గర ఆగిపోతారు. కూల్చేశాక ఏమవుతుందో పెద్దవాళ్లమే ఆలోచించం మరి. అక్కడ తొందరపెట్టకండి, ఎంతసేపు ఆగితే అంత మంచిది.

ఇక ఆ అబ్బాయి సంగతి. పాఠం మొదలుపెట్టక ముందే, అందరూ వింటుండగా చెప్పండి. ఇప్పటికే నిలబడి ఉన్న ఇల్లు చాలా విలువైనది. దాని కోసం తవ్వాల్సింది తవ్వారు, కాల్చాల్సింది కాల్చారు, మోయాల్సింది మోశారు. అదంతా అయిపోయింది. ఇప్పుడు దాన్ని కూల్చకుండా, కారిన చోట బాగు చేసుకుంటూ ఎన్నేళ్లు ఉంటే భూమికి అంత మేలు. ఇది వాణ్ణి ఊరడించడానికి చెప్పే మాట కాదు. నిజం.

రసమట్టం · శనివారం ఉదయం

నమస్తే టీచర్ గారూ. నేను కట్టుబడి పనుల్లో ఇంజినీర్ని. మాస్టారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను.

కాంక్రీటు మీద పిల్లలకు కోపం కలిగేలా చెప్పకండి. రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం కాంక్రీటుదే. 43 మీటర్ల వెడల్పు, లోపల ఒక్క ఇనుప చువ్వ లేదు, దాదాపు 1,900 ఏళ్లుగా నిలబడి ఉంది. కింద బరువైన రాయి, పైకి పోయేకొద్దీ తేలికైన అగ్నిపర్వతపు రాయి కలిపి పోశారు. ఎక్కడ ఏది వాడాలో తెలిసినవాళ్లు చేసిన పని అది.

ఇటుపక్క మట్టి. 2003 డిసెంబర్‌లో ఇరాన్‌లోని బామ్ పట్టణంలో భూకంపం వస్తే 26 వేల మందికి పైగా చనిపోయారు. కూలినవాటిలో చాలా భాగం పచ్చి ఇటుకల ఇళ్లే. ఇది పిల్లలకు చెప్పమనట్లేదు, మీకు తెలిసి ఉండాలని రాస్తున్నాను. నేల ఊగే చోట మట్టిగోడకు వెదురో కర్రో చువ్వో ఏదో ఒకటి తోడుండాలి. మట్టి మంచిది అని ఒక్క ముక్కలో చెప్పేస్తే పిల్లలకు సగమే చెప్పినట్టు.

తరగతిలో చేయించడానికి ఒకటి చెప్తాను, ఖర్చేమీ లేదు. పొట్టి సుద్దముక్కను బల్ల మీద నిలబెట్టి అరచేత్తో నొక్కమనండి. తట్టుకుంటుంది. పొడుగు ముక్కను రెండు చివర్లా పట్టుకుని వంచమనండి. టక్కున విరుగుతుంది. కాంక్రీటు గుణమూ అదే. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే, వంచితే ఓర్చుకోదు. అందుకే శ్లాబులోనూ బీములోనూ చువ్వలు పెడతాం. వేడికి ఇనుమూ కాంక్రీటూ దాదాపు ఒకే కొలతలో సాగుతాయి, ఆ జంట కుదరడానికి అదొక కారణం. తర్వాత బంకమట్టితో రెండు పట్టీలు చేయించండి, ఒకదానిలో గడ్డిపోచలు పట్టీ పొడవునా పెట్టించండి. ఆరాక రెండూ వంచి చూస్తే చువ్వ చేసే పని పిల్లలకు చేతుల్లోనే తెలుస్తుంది.

ఇద్దరమ్మాయిలనాన్న · శనివారం మధ్యాహ్నం

నేను టీచర్ని కాదు, తండ్రిని. టీచర్ గారి పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. పోయిన ఏడాది మా పెద్దమ్మాయి ఇలాంటి పాఠమే విని ఇంటికొచ్చి, "నాన్నా, మన ఇల్లు భూమిని పాడు చేస్తోందట" అని ఏడ్చింది. రెండు రోజులు గోడకు ఆనుకుని కూర్చోవడానికి కూడా ఒప్పుకోలేదు. దానికి ఏడేళ్లు. ఇల్లు మార్చడం దాని చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. వాతావరణం, వేడి, వరదలు అంటూ పెద్ద పెద్ద లెక్కలు ఆ వయసుకు చెప్పాలా? సిమెంటు వల్ల ఇంత శాతం పొగ అని బోర్డు మీద రాస్తే పిల్లలు దాన్ని మోయలేరండి. దయచేసి ఆలోచించండి.

ప్రయోగశాల · శనివారం సాయంత్రం

నాన్న గారూ, మీ అమ్మాయి ఏడుపు చదివి మనసుకు కష్టమేసింది. అంకెల విషయంలో మీతో ఏకీభవిస్తాను. అసలు సంగతి దాచాలనుకోను. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు చెప్తాను, కింది తరగతుల నుంచి పైకొచ్చేటప్పుడు పిల్లలు ఏం మోసుకొస్తారో నాకు తెలుసు. 'సిమెంటు అంటే విషం' అనుకునేవాళ్లు ఉన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేరు.

పెద్దవాళ్లం కాబట్టి లెక్క తెలుసుకుందాం. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తుంది. అందులో సగానికి పైగా బొగ్గు కాల్చినందుకు వచ్చేది కాదు, రాయిలోంచి వచ్చేది. సున్నపురాయిని బట్టీలో సుమారు 1,450 డిగ్రీల దాకా వేడిచేస్తారు. ఆ దారిలో రాయి తనలో దాచుకున్న వాయువును వదిలేస్తుంది. బట్టీని ఎండతో నడిపినా, గాలిమరతో నడిపినా ఆ భాగం మాత్రం తగ్గదు. సిమెంటు చిక్కంతా అక్కడుంది.

ఎనిమిదేళ్ల పిల్లలకు దీన్ని ఒక్క అంకె లేకుండా చూపించవచ్చు. గాజు గ్లాసులో వెనిగర్ పోసి గుడ్డుపెంకు ముక్కలు వేయండి. బుడగలు వస్తాయి. ఏ రాయితో సిమెంటు చేస్తారో ఆ రాయీ, గుడ్డుపెంకూ, సముద్రపు గవ్వా ఒకే పదార్థం. "రాయిలో గాలి దాక్కుని ఉంది. ఇక్కడ పులుపు తగిలి బయటికొస్తోంది, బట్టీలో వేడి తగిలి బయటికొస్తుంది" అంటే చాలు. ఎవరి మీదా నింద లేదు, భయం లేదు. ఒక జాగ్రత్త: బోర్డు మీద రాసే సుద్దముక్క వేయకండి. ఇప్పటి సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి, బుడగలు రావు.

ముందు బెంచీ అమ్మాయికి కూడా జవాబు ఇందులోనే ఉంది. అన్నీ నేలలోంచి వచ్చినవే. కొన్నిటిని తీసి అలాగే వాడతాం, కొన్నిటిని చాలా వేడి పెట్టి మారుస్తాం. మట్టి, పచ్చి ఇటుక, కాల్చిన ఇటుక, సిమెంటు, ఉక్కు... వీటిని 'ఎంత వంట చేశాం' అన్న వరసలో పెట్టించండి. గీతకు అటూ ఇటూ కాకుండా మెట్ల మీద కూర్చుంటాయి అన్నీ.

పలకాబలపం · శనివారం రాత్రి

'ఎంత వంట చేశాం' అన్న మాట ఎంత బాగుందో! అదే వాడుకుంటాను. నాన్న గారూ, మీ మాట గుర్తుపెట్టుకుంటాను, శాతాలు బోర్డు ఎక్కవు.

గాలికిటికీ · ఆదివారం ఉదయం

ఆర్కిటెక్ట్‌ని. పిల్లలకు చెప్పడానికి రెండు బడుల కథలున్నాయి. రెండూ నిజంగా జరిగినవి, రెండూ బడులే కావడం వల్ల పిల్లలకు వెంటనే దగ్గరవుతాయి.

ఒకటి ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె. అక్కడ పుట్టిన ఫ్రాన్సిస్ కేరే అనే అబ్బాయికి చిన్నప్పుడు సొంత ఊళ్లో బడే లేదు. వేరే చోట చదువుకున్నాడు. చీకటిగా, ఉక్కగా ఉండే గదిలో కిక్కిరిసి కూర్చోవాల్సి వచ్చేది. పెద్దయ్యాక జర్మనీ వెళ్లి ఆర్కిటెక్చర్ చదువుతూనే తన పల్లెకు బడి కట్టించాడు. 2001లో పూర్తయింది. గోడలు అక్కడి బంకమట్టి దిమ్మెలు, గట్టిదనానికి కాస్త సిమెంటు కలిపారు. అసలు తెలివి కప్పులో ఉంది. గది మీద ఇటుకల కప్పు, దాని పైన చాలా ఎత్తులో ఇనుప చట్రం మీద రేకు. మధ్యలో గాలి దూరిపోతుంది. ఎండ రేకుకు తగులుతుంది, గదికి తగలదు. ఊరివాళ్లంతా పనిలో చెయ్యి వేశారు. 2022లో కేరేకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆర్కిటెక్చర్‌లో అంతకంటే పెద్ద గౌరవం లేదు.

ఇందులో మట్టి ఉంది, సిమెంటు ఉంది, ఇనుము ఉంది, రేకు ఉంది. మీ బోర్డు మీద రెండు వైపులా ఉన్నవన్నీ ఒకే బడిలో ఉన్నాయి. ఎంత తక్కువలో, ఎక్కడ పెట్టారన్నదే తేడా. రేకు వేడెక్కుతుందని తిట్టుకునే బదులు దాన్ని పైకెత్తి గొడుగులా పట్టుకున్నాడు ఆయన.

రెండోది బంగ్లాదేశ్‌లోని రుద్రాపూర్. 2005లో ఆనా హెరింగర్, ఐకె రోస్వాగ్ అనే ఆర్కిటెక్టులు ఊరివాళ్లతో కలిసి కట్టారు. కింది అంతస్తు మట్టి, పై అంతస్తు వెదురు. మట్టిలో గడ్డి కలిపి పశువులతో తొక్కించారు. ఇది చెప్పగానే పిల్లలు లేచి గంతులేస్తారు, చూడండి. కింది గదుల వెనక మట్టిలో గుహల్లాంటి చిన్న గూళ్లు చేశారు, పిల్లలు దూరి కూర్చుని చదువుకోవడానికీ, ఆడుకోవడానికీ. పునాది మాత్రం కాల్చిన ఇటుకతోనే. కింది నుంచి చెమ్మ ఎక్కకుండా మధ్యలో ఒక పొర వేశారు.

ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతంలో మట్టిగోడలు కట్టేవాళ్లకు ఒక మాటుంది: గోడకు మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలు, ఎన్నాళ్లైనా నిలుస్తుందని. టోపీ అంటే వాన పడకుండా కాసే కప్పు, బూట్లంటే చెమ్మ ఎక్కనివ్వని పునాది. ఈ ఒక్క మాట మీద ఒక పూట పాఠం నడపవచ్చు. పిల్లల చేత చిన్న మట్టిగోడలు చేయించి, ఒకదానికి టోపీ, ఒకదానికి బూట్లు, ఒకదానికి రెండూ, ఒకదానికి ఏమీ లేకుండా పెట్టి, పూలకుండీలకు నీళ్లు పోసే జల్లెడ డబ్బాతో వాన కురిపించమనండి.

చిట్టిచేతులు · ఆదివారం మధ్యాహ్నం

నేను ఒకటో తరగతికి చెప్తాను. వెనిగరూ, బట్టీ మా పిల్లలకు ఎక్కువే. మేం పక్షుల దగ్గర మొదలుపెడతాం. గిజిగాడు గడ్డిపోచలతో అల్లుతుంది. వానకోయిల జాతి పక్షులు కొన్ని ఉమ్మితో అతికిస్తాయి. మట్టితో గూడు కట్టే కందిరీగలు ఉండలు ఉండలుగా తడిమట్టి మోసుకొస్తాయి. ఎవరూ దూరం నుంచి సామాను తెప్పించుకోరు. దగ్గర్లో దొరికింది, తన ముక్కుతోనో నోటితోనో మోయగలిగింది, అంతే. తర్వాత పిల్లల్ని ఆవరణలోకి వదిలి, మీ చేతులతో మోయగలిగిన వాటితో బొమ్మకు ఇల్లు కట్టండి అంటాను. ఎవరెవరు ఎంత దూరం వెళ్లి తెచ్చారో అడుగులతో కొలుస్తాం. ఎక్కువ దూరం నడిచినవాళ్లు తామే చెప్తారు, "టీచర్, అక్కడ రాళ్లు బాగున్నాయి కానీ కాళ్లు నొప్పి" అని. సామాను మోయడం కూడా ఖర్చేనని ఆరేళ్లకే తెలిసిపోతుంది.

గాలికిటికీ · ఆదివారం రాత్రి

చిట్టిచేతులు గారూ, అడుగులతో కొలవడం నేను తప్పకుండా ఎత్తుకుపోతాను.

పలకాబలపం · మరుసటి శనివారం

వారం గడిచింది. సోమవారం మొదట ఆ అబ్బాయి ఇంటి గురించే మాట్లాడాను, మాస్టారు చెప్పినట్టే. వాడేమీ అనలేదు. తల వంచుకుని విన్నాడు.

గుడ్డుపెంకు బుడగలు అద్భుతం. ఒక్కో బుడగ వచ్చినప్పుడల్లా తరగతంతా కేక. 'వంట మెట్లు' కూడా బాగా కుదిరాయి. ఉక్కు పైమెట్టు మీద కూర్చుంది. అప్పుడు ఒకమ్మాయి, "మరి పాత ఇనుము మళ్లీ కరిగిస్తే మళ్లీ అంత వంటా?" అంది. నాకు తెలియలేదు, రేపు చెప్తానన్నాను. ఇది మీకు వదిలేస్తున్నాను.

కష్టం ఇటుకల దగ్గర వచ్చింది. మంగళవారం మంచి బంకమట్టి తెచ్చి, గట్టిగా పిసికి, అగ్గిపెట్టె అంత అచ్చుల్లో పోసి ఎండలో పెట్టాం. బుధవారానికి ఎనభై ఇటుకలు. గురువారం పొద్దున చూస్తే దాదాపు అన్నీ పగుళ్లు. కొన్ని రెండు ముక్కలు. ఇద్దరు పిల్లలు కన్నీళ్లు పెట్టుకున్నారు. జిగురు ఎక్కువుంటే గట్టిగా ఉంటుందనుకున్నాను. ఎక్కడ తప్పు చేశాను?

రసమట్టం · మరుసటి శనివారం

టీచర్ గారూ, మట్టి మరీ మంచిదైపోయింది. అదే తప్పు.

బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఇటుకంతా బంకే అయితే ఆరేటప్పుడు తనను తానే లాక్కుని చీలుతుంది. లోపల ముడుచుకోని సరుకు కూడా ఉండాలి. అది ఇసుక. బంక జిగురు, ఇసుక ఒళ్లు. గోడ మట్టిలో ఇసుకే ఎక్కువ పాలు ఉండాలి.

పగిలిన ఇటుకలు పారేయకండి. నీళ్లలో నానబెడితే మళ్లీ మట్టే, మళ్లీ చేయవచ్చు. ఈ సంగతి కూడా పిల్లలు చేత్తో చూడాలి.

ఈసారి ముందు సీసా పరీక్ష చేయించండి. మూత గట్టిగా ఉండే పారదర్శకమైన సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు. బాగా గిలకరించి కదపకుండా పెట్టాలి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుక్కి చేరుతుంది. దాని మీద ఒండ్రు, అది కొన్ని గంటలు. బంక అన్నిటికంటే చివర, ఒక రోజు పైనే పట్టవచ్చు. గీతలు గీసి స్కేలుతో కొలుచుకుంటే మీ మట్టిలో ఏది ఎంతుందో పిల్లలే చెప్తారు. కొలవడం, భిన్నాలు కూడా ఇందులోనే వచ్చేస్తాయి.

ఆ తర్వాత ఒక పాలు మట్టికి ఇసుక ఒక పాలు, రెండు పాళ్లు, మూడు పాళ్లు కలిపి మూడు రకాల ఇటుకలు. గడ్డి పొట్టిగా తుంచి కొన్నిటిలో కలపండి. అచ్చు తీశాక నేరుగా ఎండలో పెట్టొద్దు. పైభాగం ముందు ఆరి, లోపలిది తడిగా ఉంటే అప్పుడూ పగులుతుంది. రెండు రోజులు నీడలో, తర్వాత పక్కకు తిప్పి ఎండలో.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. పిల్లల చేతికి సిమెంటు గానీ సున్నం గానీ ఇవ్వకండి. తడి తగిలితే రెండూ చర్మాన్ని కాలుస్తాయి, కంట్లో పడితే మరీ ప్రమాదం. చూపించాలంటే గట్టిపడిన ముక్క చూపించండి.

ప్రయోగశాల · ఆదివారం

పాత ఇనుము గురించి అడిగిన అమ్మాయికి: మళ్లీ కరిగించాలి కాబట్టి వంట ఉంటుంది, కానీ తక్కువ. మొదటిసారి ఖనిజంలోంచి ఇనుమును విడదీయడానికే ఎక్కువ శక్తి పోతుంది. పాతదానికి ఆ పని అక్కర్లేదు. అల్యూమినియంలో తేడా ఇంకా పెద్దది. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడితే కొత్తది తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 95 శాతం మిగులుతుంది.

కర్ర గురించి కూడా ఒక మాట. కర్ర ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే పిల్లలంతా మట్టిలోంచి అంటారు. 1648లో అచ్చయిన ఒక పాత ప్రయోగం ఉంది. వాన్ హెల్మాంట్ అనే ఆయన తూకం వేసిన మట్టిలో చిన్న విల్లో మొక్క నాటి ఐదేళ్లు నీళ్లు పోశాడు. చెట్టు 70 కిలోలకు పైగా పెరిగింది. మట్టి తగ్గింది సుమారు 60 గ్రాములే. ఆయన అదంతా నీళ్ల వల్లే అనుకున్నాడు. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బన్ అనీ, అది గాలిలోంచి వచ్చిందనీ ఇప్పుడు మనకు తెలుసు. కర్ర దూలం ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ కార్బన్ గాలిలోకి పోదు. జపాన్‌లోని హోర్యూజి ఆలయంలో కర్ర 1,300 ఏళ్లుగా నిలబడి ఉంది. నరికిన చోట మళ్లీ చెట్టు నాటాలి, అది మాత్రం మరవకూడదు. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. కొన్ని రకాలు రోజుకు 90 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. పిల్లల ఎత్తుతో పోల్చి గోడ మీద గీత గీయించండి.

వీలైతే మంచుముక్కల ప్రయోగం చేయించండి. ఒక ముక్క ఉత్తి గిన్నెలో, ఒకటి ఉన్ని గుడ్డలో చుట్టి. ఏది ముందు కరుగుతుందని ముందే చేతులెత్తించండి. ఉన్ని గుడ్డలోదే అంటారు చాలామంది, గుడ్డ వెచ్చదనం ఇస్తుందని వాళ్ల నమ్మకం. అది తప్పని కళ్లతో చూశాకే గోడ పని తెలుస్తుంది. గుడ్డ వేడిని పుట్టించదు, వేడి దారికి అడ్డం నిలబడుతుంది. బయటి వేడిని లోపలికీ, లోపలి వేడిని బయటికీ పోనివ్వదు.

ఇద్దరమ్మాయిలనాన్న · ఆదివారం

ఇవన్నీ చదువుతుంటే మా చిన్నమ్మాయితో ఇంట్లోనే చేయాలనిపిస్తోంది. ఒక సందేహం. ఎక్కడైనా పాత ఇల్లు కూలుస్తుంటే ముక్కలు ఏరి తెచ్చి బడికి ఇవ్వవచ్చా? ఇటుక, పెంకు, రేకు ముక్క, అలా.

రసమట్టం · ఆదివారం

ఇటుక, రాయి, పెంకు, మేకుల్లేని కర్ర వరకు ఫరవాలేదు, కడిగి ఇవ్వండి. పాత బూడిదరంగు సిమెంటు రేకులు మాత్రం ముట్టుకోకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. విరిగితే కంటికి కనపడని పీచు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాత రంగు పెచ్చులుగా ఊడుతున్న తలుపు ముక్కలు కూడా వద్దు, పాత రంగుల్లో సీసం ఉండేది. పిల్లల్ని కూల్చే చోటికి తీసుకెళ్లనే వద్దు.

పాతబెంచీ · సోమవారం

ప్రయోగశాల గారు అల్యూమినియం గురించి చెప్పింది నిజమే. కానీ చిన్న తరగతుల్లో 'రీసైకిల్' అన్న మాటను అందరికంటే ముందు పీట మీద కూర్చోబెడతాం. నాకది నచ్చదు. కరిగించి మళ్లీ చేయడం చివరి దారి. ముందు బాగు చేసుకోవడం. తర్వాత ఉన్నదాన్ని ఉన్నట్టే ఇంకోచోట వాడుకోవడం. పిల్లలు డబ్బాలో వేసేస్తే పని అయిపోయిందనుకుంటున్నారు.

మాలి దేశంలో జెన్నే పట్టణపు పెద్ద మసీదు చూడండి. ఇప్పుడున్నది 1907లో కట్టింది, మొత్తం మట్టి. ఏటా ఊరంతా కలిసి దానికి కొత్తగా మట్టి పూస్తారు. గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన కర్రల మీద ఎక్కి పూస్తారు. పిల్లలు కూడా మట్టి మోస్తారు. బాగు చేసుకోవడం ఆ కట్టడం పుట్టుకలోనే ఉంది. పిల్లలకు ఆ బొమ్మ చూపించి, ఈ కర్రలు ఎందుకని అడగండి. జవాబు చెప్పకండి, వాళ్లే కనుక్కుంటారు.

పలకాబలపం · తర్వాతి శుక్రవారం

చాలా చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

రసమట్టం గారూ, ఇసుక రెండు పాళ్లు కలిపినవి గట్టిగా వచ్చాయి. మూడు పాళ్లవి అంచులు రాలాయి. గడ్డి కలిపినవి పగిలినా విడిపోలేదు, గడ్డి పట్టుకుంది. పగిలిన పాత ఎనభై ఇటుకలూ నానబెట్టి అదే మట్టితో చేశాం. గురువారం ఏడ్చిన ఇద్దరికీ ఆ బకెట్ అప్పగించాను.

తర్వాత నీళ్ల పరీక్ష. ఒక గిన్నెలో కాల్చిన ఇటుక ముక్క, ఇంకో గిన్నెలో మా ఎండిన ఇటుక. కాల్చింది బుస్సుమని బుడగలు వదిలి నీళ్లు తాగింది, చెక్కుచెదరలేదు. మాది కొద్దిసేపట్లోనే అంచుల నుంచి జారి కుప్పయింది. తరగతంతా నిశ్శబ్దం. వారం రోజుల కష్టం కదా. "కాల్చిందే గెలిచింది" అని ఒకరు అన్నారు. నేను మాట్లాడలేదు. రెండు గిన్నెలూ అక్కడే ఉంచి, మాస్టారి మూడో ప్రశ్న మాత్రం బోర్డు మీద రాశాను: పని అయిపోయాక ఎక్కడికి పోతావు?

బకెట్ అప్పగించిన అమ్మాయి లేచి గిన్నెలో చెయ్యి పెట్టి మట్టి పిసికింది. "టీచర్, మనది మళ్లీ ఇటుకవుతుంది. అది ఇంక ఇటుకే, మళ్లీ మట్టి అవ్వదు" అంది. అక్కణ్ణుంచి వాదన మొదలైంది. అరగంట నడిచింది, గంట కొట్టినా ఆగలేదు. చివరికి వాళ్లంతట వాళ్లే ఒక ఇల్లు గీశారు. నీళ్లు తగిలే పునాదికి కాల్చిన ఇటుక. గోడలకు మా ఇటుక. పైన పెద్ద టోపీ. స్నానాల గది గోడ దేనితో అన్న దగ్గర మాత్రం రెండు జట్లయ్యారు, ఇంకా తేలలేదు. తేల్చలేదు నేనూ.

చివరి బెంచీ అబ్బాయి గురించి. ఇంటికి వెళ్లి మీ ఇల్లు దేనితో కట్టారో పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాను. వాడు పుస్తకం నిండా రాసుకొచ్చాడు. కంకర, చువ్వలు, సిమెంటు, ఇటుకలు, ఏది ఏ పని చేస్తోందో అన్నీ. చివర్లో పెద్ద అక్షరాలతో "వీధి తలుపు పాత ఇంటిది" అని ఉంది. వాళ్ల తాతగారి ఇల్లు తీసేసినప్పుడు తలుపు మాత్రం దాచి, కొత్త ఇంటికి బిగించారట. ఆ సంగతి వాడికి ఇన్నాళ్లూ తెలియదు. మూడు ప్రశ్నలూ ఆ తలుపుకే రాశాడు. ఎక్కణ్ణుంచి వచ్చావు: తాతయ్య ఇంటి నుంచి. ఏం పని చేస్తున్నావు: మమ్మల్ని లోపలికి రానిస్తున్నా. మూడోదానికి ఖాళీ వదిలి, "నాన్నను అడిగి చెప్తా" అని రాశాడు.

రసమట్టం · తర్వాతి శుక్రవారం

టీచర్ గారూ, నాన్నను అడిగేటప్పుడు ఇంకొకటి కూడా అడగమనండి. పాత తలుపు కొత్త ద్వారబంధానికి సరిపోయిందా, లేక తలుపు కొలత చూసుకుని ద్వారబంధం చేయించారా? కొలతపట్టీతో రెండూ కొలుచుకుని రమ్మనండి.